మూడో వరస గుండె

పాడ్యమి. గాలి తూర్పు. తాళ్ళు బాగున్నాయి. బయటి కొస తాడు నిన్న తెగితే కొత్తది కట్టాను.

గట్టు వాళ్ళకిచ్చే కాపలా చిట్టాలో ఇంతకు మించి రాయనక్కర్లేదు. అది రాసి ఇచ్చేశాను. ఇది వేరు. ఇది నా సొంత చిట్టా, బియ్యం డబ్బా అడుగున ఉంటుంది. మా ఆయన దానయ్యకి కూడా దీని సంగతి తెలియదు. తెలిసీ తెలియనట్టు ఉంటున్నాడేమోనని నాకో అనుమానం. నూకరత్నానికి అనుమానం పుట్టుకతో వచ్చిందని వరసంతా వేళాకోళం చేస్తారు. చెయ్యనీ. తెప్పల మీద కాపురం చేసేవాళ్ళకి కనీసం ఒక్క అనుమానపు మనిషైనా ఉండాలి, లేకపోతే తాళ్ళు ఎవరు చూస్తారు?

నిన్న పౌర్ణమి, కొలత రోజు. మా మూడో వరసలో కడియాల పేరంటం యథాప్రకారం జరిగింది. నేను మాత్రం వెళ్ళలేకపోయాను. తెల్లారేసరికి బయటి తాడు తెగి రెండు తెప్పలు సముద్రం వైపు జరుగుతున్నాయి. ముడి వేసి వచ్చేసరికి భోజనాలు అయిపోయాయి. నా కడియం నా చేతికే ఉండిపోయింది.

గట్టు వాళ్ళు వరస చివర పెట్టిన కొలత పెట్టె మీద అందరి పేర్లకీ పచ్చ దీపం వెలిగింది. నా పేరుకి ఎర్ర దీపం.

మా తోడికోడలు సింహాచలం అక్క మోచేతుల దాకా కడియాలతో కూర్చుని, కాళ్ళకి పసుపు ఆరకముందే గుంజకి ఆనుకుని నిద్రపోయిందట. పాయసం గిన్నె ముట్టుకోలేదట. అక్క పగటిపూట నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. దాన్ని కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

అమావాస్య దాటిన తదియ. గాలి తూర్పే. తాళ్ళు బాగున్నాయి.

నాడెమ్మ పిలిచింది. గట్టు వాళ్ళు దానికి పెట్టిన పేరు నాడీ సేవ. గట్టు మీద ఆసుపత్రి గోడలో ఉంటుంది, అందరి కడియాలూ గుండె కబురు దానికే చెబుతాయి. మా వాళ్ళు దాన్ని గ్రామదేవత లెక్కన నాడెమ్మ అంటారు, పిలిచిందంటే భయపడతారు. ఎర్ర దీపం వరసగా మూడు పౌర్ణములు వెలిగితే నీళ్ళలోకి దిగే అనుమతి పోతుంది. దిగకపోతే నాచు కోయలేం. నాచు ఇవ్వని ఇంటికి మంచినీళ్ళ వాటా లేదు. చుట్టూ సముద్రం ఉండీ గొంతు తడుపుకోలేని బతుకు ఎలా ఉంటుందో మా అత్తల కాలం వాళ్ళు చూశారు. వరస కడియాలన్నీ ఒక్క గట్టి గుండె మనిషికి తొడిగే ఈ పేరంటం అప్పుడే మొదలైంది.

పడవేసుకుని గట్టుకి వెళ్ళాను. ఒకప్పుడు చమురు తోడిన కట్టడం అది, సిమెంటు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. అక్కడి వాళ్ళకి నేల కదలదు కాబట్టి మనం కదులుతుంటే చిరాకు. డాక్టర్ సుమేధ మాత్రం కుర్రది, మర్యాదస్తురాలు. మర్యాదగా మాట్లాడేవాళ్ళంటే నాకు ఇంకొంచెం అనుమానం.

"నూకరత్నం గారూ, మీ గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటోంది. నిమిషానికి డెబ్బై దాటింది" అంది.

"డెబ్బై అయితే తప్పేటమ్మా? గట్టు మీదోలందరికీ అంతే గదా?"

"వాళ్ళకి అది సరైనదే. మీ మూడో వరస వాళ్ళది వేరే గుండె. నలభైకి కాస్త అటూ ఇటూగా, నెమ్మదిగా, గట్టిగా కొట్టుకుంటుంది. ఇదివరకు అందరినీ గట్టు మగవాళ్ళ కొలతతోనే కొలిచేవారు, మీ ఆడవాళ్ళకి అన్యాయం జరిగేది. అది తప్పని తెలిశాక ఏ వరసకి ఆ వరస కొలత పెట్టాం. మీ వరసలో అందరి గుండెలూ ఒకే లయలో కొట్టుకుంటాయి, తెలుసా? తరతరాలుగా కలిసి తాళ్ళు లాగడం వల్ల అలా అయిందని మా పెద్దలు పుస్తకమే రాశారు."

నాకు నవ్వు ఆగలేదు. దగ్గుగా మార్చి మింగేశాను. ఆ దగ్గు కూడా రాసుకుంది.

"మీకున్నది ఆందోళన. ప్రతిదాన్నీ అనుమానించే స్వభావమా మీది?"

"ఎవులు సెప్పినారు మీకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పేరు ఎదురుగా ఏదో రాసి, తెల్ల బిళ్ళలు ఇచ్చింది. ఉట్టిపుణ్యానికి మందులు ఎందుకిస్తున్నారు? బిళ్ళలు మింగితే నీళ్ళలో మత్తొచ్చి మునిగిపోనా? తెప్పకి వచ్చి రెండు బిళ్ళలు చేపల తొట్టిలో వేశాను. చేపలకి ఏమీ కాలేదు. అయినా నేను వేసుకోలేదు.

పంచమి. గాలి పడిపోయింది. తాళ్ళు వదులుగా ఉన్నాయి, పరవాలేదు.

అక్క నీళ్ళలో పడిపోయింది.

నాచు మోపు లాగుతూ లాగుతూ, మాట మధ్యలో, రెండు తెప్పల సందులోకి జారిపోయింది. అరుపు లేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి కొప్పు పట్టుకుని పైకి లాగాను. మా వరసలో అందరికంటే లోతుకి దిగే మనిషి, అందరికంటే ఎక్కువసేపు ఊపిరి పట్టే మనిషి, అడుగు లోతులోనే నీళ్ళు తాగి తెప్ప మీద వెల్లకిలా పడుకుంది.

"ఏటీ నేదే రత్నం. ఎండకి కళ్ళు తిరిగినాయి."

"మబ్బేసి ఉంటే ఎండెక్కడిదే?"

"అయితే మబ్బుకే తిరిగినాయి. ఒగ్గీయ్."

మణికట్టు పట్టుకున్నాను. ఒకసారి కొట్టుకుంది. ఆగింది. రెండోది వస్తుందో రాదోనని నేను ఊపిరి బిగబట్టాను. వచ్చింది. మళ్ళీ ఆగింది. పేరంటానికి కడియాలు మోసే చెయ్యి కదా, మోచేతి దాకా ఒరుసుకుపోయిన గుర్తులు. ఈ చేతుల చలవతోనే మా ఇంటికి ఇన్నేళ్ళుగా నీళ్ళు వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. అక్క చూడకుండా మొహం కడుక్కున్నాను.

పొద్దున్నే లేస్తే అడుగులు తూలుతున్నాయని, మెట్టు ఎక్కితే ఆయాసమని, ఇది ఈ ఏడాది ఎండలప్పటి నుంచే ఉందని చివరికి ఒప్పుకుంది. ఎవరికీ చెప్పలేదట. "నాకు జబ్బంటే వరస బెదిరిపోదేటే?" అంది.

సప్తమి. గాలి దక్షిణం. తాళ్ళు దానయ్య చూశాడు.

అక్కని బలవంతాన గట్టుకి తీసుకెళ్ళాను. నాడెమ్మ ముందు బల్ల మీద మాకంటే ముందు గట్టు స్టోరు గుమాస్తా కామేశం గారు కూర్చుని ఉన్నారు. చెయ్యి పెట్టారు. గోడ మీద అంకె వచ్చింది: నలభై ఒకటి. దీపం భగ్గున ఎర్రగా వెలిగింది, గంట మోగింది. ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గుండె లోపలి కబురు చూసే పెద్ద పరీక్షకి గది దానంతటదే తెరుచుకుంది. పేస్‌మేకర్ పెట్టాలట. "నాకేం కాలేదయ్యా, నడుస్తాను" అని ఆయన అంటున్నా వినకుండా పడుకోబెట్టి తీసుకుపోయారు.

అక్క చెయ్యి పెట్టింది. అంకె వచ్చింది. నలభై ఒకటి.

పచ్చ దీపం. "మూడో వరసకు సహజం. విశ్రాంతి తీసుకోండి" అంది నాడెమ్మ, తియ్యటి గొంతుతో.

నేను డాక్టర్ సుమేధ మొహంలోకి చూశాను. ఆమె కళ్ళు దించుకోలేదు. తప్పు చేస్తున్న మనిషిలా కూడా లేదు. అదే నాకు భయం వేసింది.

"డాక్టరమ్మా, ఆరికీ ఈవిడికీ ఒకే అంకె గదా?"

"అంకె ఒకటేనమ్మా, మనుషులు వేరు. కామేశం గారిది కుర్చీ ఉద్యోగం. ఈవిడది కష్టపడ్డ ఒళ్ళు. మీ వాళ్ళవి గట్టి గుండెలు."

"పడిపోతన్నాది."

"మంచినీళ్ళు ఎక్కువ తాగమనండి."

నీళ్ళ వాటా వాళ్ళ చేతిలో పెట్టుకుని మాకు చెప్పే వైద్యం ఇది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పెద్ద పరీక్ష చెయ్యమని అడిగాను. పచ్చ దీపం ఉన్నవాళ్ళకి ఆ గది తెరుచుకోదట, ఆమె చేతిలో లేదట. వాళ్ళకి పేస్‌మేకర్లు తక్కువగా ఉన్నాయా? ఉన్నవి తమ వాళ్ళకి దాచుకోవడానికి మా గుండెలు గట్టివని పొగుడుతున్నారా? తిరిగొస్తుంటే పడవలో అక్క హుషారుగా ఉంది. "ఇన్నావా, గట్టి గుండెట" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నవమి. గాలి దక్షిణం. తాళ్ళు బాగున్నాయి. తూకంరాయి బాగాలేదు.

రెండు రోజులుగా ఎవరిని అనుమానించాలో తేల్చుకోలేక అందరినీ అనుమానించాను. సుమేధని, కామేశం గారిని, ఆఖరికి మా వరస పెద్ద పోలమ్మ పిన్నిని కూడా. పిన్ని ఈ మధ్య ఎవరింటికీ రావడం లేదు. అందరూ నిలబడి మాట్లాడుతుంటే తను మాత్రం పీట వేయించుకుని కూర్చుంటోంది, లేస్తే తాడు పట్టుకుని మహారాణిలా మెల్లగా నడుస్తోంది. గట్టు వాళ్ళు ఏమైనా ముట్టజెప్పారా అని కూడా అనుకున్నాను.

ఇవాళ నాచు తూచే వంతు నాది. ఈ మధ్య ఎవరి నాచూ తూకానికి రావడం లేదు. అందరిదీ ఒకే తీరుగా తగ్గుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, సముద్రంలోనే నాచు పలచబడిందని సరిపెట్టుకున్నాం. రాయి ఎత్తబోతే చెయ్యి జారింది. బోర్లా తిప్పి చూస్తే అడుగంతా గుల్లలు పట్టి ఉంది. వాడాక నీళ్ళలోకి వేలాడదీస్తాం కదా, నెలల తరబడి గుల్లలు పెరిగి రాయి బరువెక్కింది. మా నాచు బాగానే ఉంది. రాయికే రోగం వచ్చింది.

కత్తితో గుల్లలు గీకుతూ గీకుతూ ఆగిపోయాను.

మూడో వరస గుండె ఇలా ఉండాలని నాడెమ్మకి ఎవరు చెప్పారు? మేమే. పౌర్ణమి పౌర్ణమికీ వరసలోని కడియాలన్నీ ఒక్క చేతికి తొడిగి చెప్పాం. దానికి తెలిసిన మూడో వరస మొత్తం సింహాచలం అక్క ఒక్కతే! అక్క గుండె బాగున్నప్పుడు ఆ గుండే కొలత. కొద్దికొద్దిగా నెమ్మదిస్తుంటే మా అందరి గుండెలూ కలిసి నెమ్మదిస్తున్నాయని రాసుకుంది. జబ్బే కొలత అయిపోయింది. అందుకే జబ్బు మనిషికి పచ్చ దీపం, తన కడియం తనే పెట్టుకున్న నాకు ఎర్ర దీపం.

ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. గట్టు వాళ్ళు మోసం చేస్తున్నారనుకున్నంతసేపూ నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఏకాదశి. గాలి ఆగ్నేయం. తాళ్ళు చూశాను, ఒకటి మార్చాలి.

పోలమ్మ పిన్ని తెప్ప మీద ఆడవాళ్ళం కలిశాం. నాకు తెలిసింది చెప్పాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పేరంటం సంగతి ఒప్పేసుకుందామన్నాను. పిన్ని పీట మీద నుంచి కదలకుండా తమలపాకు నమిలింది.

"ఒలే రత్నం, నిజం సెప్తే ఏటవుతాదో తెలుసా? ఇన్నేళ్ళ పచ్చ దీపాలూ దొంగయ్యంటారు. వరసంతటికీ దిగుడు ఆపేత్తారు. పిల్ల గుంటలకి నీళ్ళెవులు పోత్తారు, నీ నాడెమ్మ పోత్తాదా?"

"అక్క సచ్చిపోద్ది పిన్నీ."

"కళ్ళు తిరిగినోలందరూ సచ్చిపోరే. నాకు తిరగవేటి? తాడట్టుకుంటాను, నిలబడతాను."

అక్క నా వైపు కాకుండా పిన్ని వైపు మాట్లాడింది. "పిన్ని సెప్పిందే నాయం. నా ఒక్క గుండి కోసం వరస నోట్లో మన్ను కొట్టనేను. రత్నం, నువ్వు ఈ మాట గట్టు మీద అన్నావంటే నా మీద ఒట్టే."

ఒట్టు పెట్టి నా నోరు కట్టేసింది. వచ్చేటప్పుడు తెప్ప నుంచి తెప్పకి దాటడానికి నా భుజం పట్టుకుంది. రెండేళ్ళ కిందట నన్ను భుజాన వేసుకుని ఈదిన మనిషి. అంత ప్రేమ మీద కూడా అంత కోపం వస్తుందని నాకు ఇవాళ తెలిసింది.

ద్వాదశి. గాలి ఆగ్నేయం. తాడు మార్చాను.

ఒక్కదాన్నే గట్టుకి వెళ్ళాను. ఒట్టు తప్పకుండా ఎంత చెప్పవచ్చో అంతా చెప్పాను. "మా వరస కొలత తప్పు డాక్టరమ్మా. ఆ కొలత నమ్మకండి."

"ఎందుకు తప్పు?"

"సెప్పనేను."

"ఎలా తెలుసు?"

"అదీ సెప్పనేను."

సుమేధ గోడ మీద నా పేరు తెరిచింది. దాని పక్కన ఆందోళన, అనుమాన స్వభావం అన్న మాటలు కనబడ్డాయి. ఆ తర్వాత నా మాటలన్నీ వాటిలో నుంచే విన్నది. మొహంలో జాలి వచ్చేసింది. "బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని అడిగింది. లేదన్నాను. మోతాదు పెంచింది.

నేను అరిస్తే జబ్బు ముదిరిందంటారు. ఊరుకుంటే తగ్గిందంటారు. ఒకసారి పేరు పక్కన ఆ రెండు మాటలు పడ్డాక ఇక నేను నిప్పంటుకుందని చెప్పినా మందే ఇస్తారు.

త్రయోదశి. గాలి, తాళ్ళు చూడలేదు.

పొద్దున్న పొయ్యి దగ్గర అక్క మళ్ళీ పడిపోయింది. ఈసారి పెదాలు నల్లబడ్డాయి, ఎంతసేపటికీ కళ్ళు తెరవలేదు. దానయ్యా నేనూ పడవలో వేసుకుని వెళ్ళాం. వెళుతున్నంతసేపూ నేను మణికట్టు వదలలేదు. నలభై కూడా లేదు.

బల్ల మీద చెయ్యి పెట్టాం. పచ్చ దీపమే. "సహజానికి కొద్దిగా తక్కువ. విశ్రాంతి."

సుమేధ అక్క గుండెకి చెవి ఆనించి విన్నది. ఈసారి ఆమె మొహం మారింది. నాడెమ్మ వైపు చూసింది, అక్క వైపు చూసింది. "గది తెరవదు" అంది, తనలో తను చెప్పుకున్నట్టు. "పచ్చ దీపం మీద నేను తెరిపించలేను."

ఆమె చేతికి గట్టు కడియం ఉంది. దాన్ని చూస్తుంటే నాకు బుద్ధి వెలిగింది. మూడో వరస ఆడదానికి ఈ ఉపాయం ఇంత ఆలస్యంగా తట్టడమే సిగ్గుచేటు.

"డాక్టరమ్మా, మీ కడియం ఓపాలి ఇయ్యండి."

"ఎందుకు?"

"నాకు పిచ్చని రాసినారు గదా. పిచ్చిదాని మాట ఓపాలి ఇనండి. పోయిందేటున్నాది?"

ఎందుకిచ్చిందో ఇప్పటికీ తెలియదు. అక్క పెదాలు చూసి ఇచ్చిందనుకుంటాను. అక్క కడియం తీసి, డాక్టరమ్మది తొడిగి, ఆ చేతినే మళ్ళీ బల్ల మీద పెట్టాను.

ఎర్ర దీపం! గంట మోగింది. "డాక్టర్ సుమేధకు అత్యవసరం" అని నాడెమ్మ అరిచింది. ఆ తియ్యటి గొంతు అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. స్ట్రెచర్ వచ్చింది. తెచ్చినవాళ్ళు నిలబడి ఉన్న సుమేధని, పడుకున్న అక్కని మార్చి మార్చి చూశారు. "ఈవిడనే, తీసుకెళ్ళండి" అంది సుమేధ.

పెద్ద పరీక్ష గది తెరుచుకుంది. గోడ మీద అక్క గుండె బొమ్మ గీతలుగా వచ్చింది. గుండె పై గది కబురు పంపుతోంది, కింది గదికి అందడం లేదు. ఒకటి అందితే రెండు అందడం లేదు. నాకు డాక్టరు చదువు రాకపోయినా ఆ గీత తెగిపోయిన తాడని తెలుస్తోంది. సుమేధ దాని దగ్గరికి జరిగి గీతలు రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఇది ఏ వరసలో అయినా జబ్బే" అంది.

అక్కకి పేస్‌మేకర్ పెట్టారు. సాయంత్రానికి కళ్ళు తెరిచి ఆకలేస్తోందంది. నేను గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆందోళన అని రాసుకుంటారేమోనని కూడా చూసుకోలేదు.

తర్వాత సుమేధ అక్క చేతుల మీది ఒరుపుల్ని మణికట్టు నుంచి మోచేతి దాకా వేలితో తడిమింది. తన కడియం చూసుకుంది. ఆమె తెలివైనదే. "అందరి గుండెలూ ఒకే లయ" అని నెమ్మదిగా అంది. "దీని మీద మా గురువుగారికి సన్మానం కూడా చేశారు." కుర్చీలో కూలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఈవిడకి నేను నీళ్ళు తాగమని చెప్పి పంపాను" అంది.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేను ఏమీ చెప్పలేదు. ఒట్టు ఒట్టులాగే ఉంది.

చతుర్దశి. గాలి తూర్పు. తాళ్ళు బాగున్నాయి.

రేపు కొలత. వరసలో కొత్త గొడవ. అక్క చేతులు ఇక పనికిరావు, మరి కడియాలు ఎవరికి తొడగాలి? అందరూ నా వైపు తిరిగారు.

"నీ గుండి బాగున్నాదంట గదే. నువ్వు కూకో" అంది పోలమ్మ పిన్ని. "పసుపు రాత్తాం, పాయసం పోత్తాం."

వరసంతా నన్ను గౌరవంగా చూడటం ఇదే మొదటిసారి. ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ నా గుండె మాత్రం ఎన్నాళ్ళు బాగుంటుంది? అది తప్పిన రోజున నన్ను చూసి నాడెమ్మ మూడో వరసకు సహజం అంటుంది.

"కూకోను. ఎవుల కడియం ఆలే పెట్టుకోవాలి. మన అసలు గుండెలు దానికి తెలిస్తేగాని కొలత మారదు. అందరికీ ఎర్ర దీపమే వొత్తాది. రానీండి. మూడు ఎర్రల దాకా దిగుడు ఆపరు."

"ఈలోగా డాక్టరమ్మ ఆ కొలత మారుత్తాదని ఏటి నమ్మకం?"

ఆ మాట నేను అనాల్సింది, పిన్ని అన్నది. నాకూ నమ్మకం లేదు. అందుకే పొద్దున్నే సుమేధని అడిగి వచ్చాను. రంగు చూసి ఎవరి అనుమతీ ఆపనని మాటిచ్చింది. మాట నాకొద్దు, మీరే కిందికి దిగి, మా తెప్ప మీద కూర్చుని, దీపం చూడకుండా వేళ్ళతో నాడి పట్టి చూడండి అన్నాను. వస్తానంది. వచ్చేదాకా నమ్మను.

ఎటూ తేలకపోతే అక్క ఆసుపత్రి నుంచి కబురు పంపింది. "రత్నం మాట ఇనకపోతే నాను లేచొచ్చి మీ కడియాలన్నీ సముద్రంలో పడేత్తాను." అక్కతో వాదించేవాళ్ళు మా వరసలో లేరు.

పౌర్ణమి. గాలి తూర్పు.

డాక్టర్ సుమేధ వచ్చింది. తెప్ప ఊగుతుంటే రెండుసార్లు కూర్చుండిపోయింది, పిల్లలు పగలబడి నవ్వారు. చీర కుచ్చిళ్ళు తడిసిపోయినా ఇల్లిల్లూ తిరిగింది. అందరి మణికట్లూ పట్టుకుంది. పోలమ్మ పిన్ని మాత్రం తలుపు వేసుకుని, నాకు నలతేమీ లేదు, ముందు గుంటల్ని చూడమనండి అంది.

పసుపు లేదు, పాయసం ఉంది. ఎవరి కడియం వాళ్ళ చేతికే ఉంది. ఎవరి చెయ్యి వాళ్ళకే కొత్తగా ఉన్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. భోజనాలయ్యాక అందరం వరస చివరి పెట్టె దగ్గరికి వెళ్ళాం.

ఒక్కో పేరే వచ్చింది. ఎర్ర దీపం. ఎర్ర దీపం. దానయ్యకి ఎర్ర దీపం, నాకు ఎర్ర దీపం, నిన్నగాక మొన్న పెళ్ళైన పిల్లకి ఎర్ర దీపం. బాగున్న వాళ్ళందరూ రోగులైపోయారు. ముందే తెలిసినా గుండెలు దడదడలాడాయి. కొందరు ఏడుపు అందుకున్నారు. "ఇలాగే వస్తుంది, భయపడకండి, మీ గుండెలన్నీ బాగున్నాయి" అని సుమేధ ఒక్కొక్కరికీ చెబుతోంది.

చివరి పేరు పోలమ్మ పిన్నిది.

పచ్చ దీపం.

పిన్ని మొహం వెలిగిపోయింది. తాడు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. "సూసినారా? వరసంతట్లో నా గుండొక్కటే గట్టిదంట!"

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని ఆమెని అసూయగా చూశారు. నేను సుమేధ వైపు చూశాను. సుమేధ అప్పటికే పాయసం గిన్నె కింద పెట్టి, ఊగే తెప్పల మీద తూలుతూ పిన్ని వైపు నడుస్తోంది. పీట గుర్తొచ్చింది. తాడు గుర్తొచ్చింది. నాకు తిరగవేటి అన్న మాట గుర్తొచ్చింది. పీట, తాడు చూసి నేను ఆమెని అనుమానించిందేమిటి, ఆమె లోపల జరుగుతున్నదేమిటి!

"పిన్నీ, కూకో" అన్నాను.

"ఎందుకే? నాది పచ్చ దీపం."

"అందుకే. కూకో."

మణికట్టు పట్టుకున్నాను. ఒకసారి కొట్టుకుంది. ఆగింది. రెండోదాని కోసం చూస్తూ, దానయ్యని పడవ విప్పమని కేకేశాను.

ఇది పడవ కొసన కూర్చుని రాస్తున్నాను. పిన్ని సుమేధ ఒళ్ళో తల పెట్టుకుని, గట్టి గుండెకి వైద్యమేటని తిడుతూనే ఉంది. ఎంత తిట్టినా నాకు బాగానే ఉంది. తాళ్ళ సంగతి వచ్చాక రాస్తాను.